కార్డు లేని కెమెరా

కెమెరా చేతికొచ్చి రెండు నెలలైనా కాలేదు, అప్పుడే బ్రెన్నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఆనతాయా మరి? పదో తరగతి ఫోటోగ్రఫీ క్లాసులో ఇంకెవరికీ ఇవ్వని పని టీచరు మిస్టర్ హావర్టీ ఆమెకిచ్చాడు. సీనియర్ నైట్ ఫోటోలు! ఈ ఏడాదితో స్కూలు ముగించే ఐస్ హాకీ కుర్రాళ్లు, తమ సొంత మంచు మైదానం రింకులో చివరి ఆటకు ముందు, మంచు మీద పరిచిన తివాచీపై తల్లులతో నడిచొచ్చి వాళ్ల చేతిలో ఒక పువ్వు పెడతారు. అది మళ్లీ మళ్లీ జరిగేది కాదు.

ఆ సాయంత్రం రింకు గేటు దగ్గర మిస్ లోరీన్ ఫోనుతో తంటాలు పడుతోంది. స్కూలు భోజనాల హాల్లో వడ్డించేది ఆమే. గోల్‌కీపర్ వెస్టన్‌ని ఒంటిచేత్తో పెంచుకొచ్చిన తల్లి.

"ఇది ఎవరి చేతికైనా ఇవ్వాలే అమ్మాయ్. వాడి చెయ్యి పట్టుకోనా, దీన్ని నొక్కనా?"

"దాన్ని లోపల పెట్టెయ్యండి మిస్ లోరీన్. మంచు తెల్లదనానికి ఫోన్లో మొహాలు నల్లగా పడతాయి. నేనున్నాగా!" అంది బ్రెన్నా, మెడలో కెమెరా సవరించుకుంటూ.

"అబ్బో, పెద్ద ఫోటోగ్రాఫరమ్మ!" నవ్వుతూ ఫోను కోటు జేబులో వేసుకుందామె.

బ్రెన్నా తెగ తీసింది. నొక్కినప్పుడల్లా కెమెరా టక్కుమంది, వెనక తెర మీద బొమ్మ మెరిసి పోయింది.

మర్నాడు క్లాసులో కెమెరా మూత తెరిస్తే లోపల ఫోటోలు దాచే కార్డు లేదు. ముందురోజు మధ్యాహ్నం తను పెట్టి మరిచిపోయిన చోటే, కంప్యూటర్‌లో ఉంది. కార్డు లేకపోయినా ఆ కెమెరా టక్కుమంటుంది, బొమ్మ చూపిస్తుంది, ఒక్కటీ దాచుకోదు. ఆ మాట హావర్టీ మొదటి రోజే చెప్పాడు. అప్పుడీ మహాతల్లి కెమెరా పట్టీ ఏ భుజానికి వేసుకుంటే బాగుంటుందో చూసుకుంటోంది.

సిగ్గుతో బ్రెన్నా చెవులు కాలిపోయాయి. మిగతావాళ్లకి ఎవరో ఒకరు ఫోన్లో తీసిన ఫోటోలున్నాయి. మిస్ లోరీన్‌కే ఏమీ లేదు.

"నేను చెప్పనా ఆవిడకి?" అన్నాడు హావర్టీ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"వద్దు సర్. నేనే చెప్తా."

భోజనాల వరసలో బ్రెన్నాను చూడగానే లోరీన్ మొహం విప్పారింది. "ఏదీ, మా ఫోటో?"

"లేదు మిస్ లోరీన్. కెమెరాలో కార్డు పెట్టడం మర్చిపోయాను. ఒక్కటీ పడలేదు. మీ ఫోను లోపల పెట్టించింది కూడా నేనే."

లోరీన్ చేతిలో గరిటె ఆగిపోయింది.

"కదులు తల్లీ, ఆకలి చంపేస్తోంది!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

"నోర్ముయ్ డెరెక్," అంది లోరీన్, అటు చూడకుండానే. గరిటె పక్కన పెట్టింది. "సర్లే. ఫోటో లేకపోతే పోయింది, నువ్వు దగ్గర్నుంచి చూశావుగా, చెప్పు. నేను జారిపడతానేమోనని కిందికే చూస్తూ నడిచాను. పువ్వు ఇచ్చేటప్పుడు మావాడు ఏడ్చాడంటున్నారు. నిజమేనా?"

బ్రెన్నా వెస్టన్ మొహం గుర్తుచేసుకోబోయింది. ఎంత వెతుక్కున్నా కెమెరాలో కన్నుపెట్టి చూసే అద్దం అడుగున మెరిసిన అంకెలే గుర్తొచ్చాయి. వెలుతురు సరిపోయిందా లేదా అని అంతసేపూ వాటినే చూసింది. అవును, ఏడ్చాడు అనేస్తే ఇద్దరికీ సుఖమే. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నేను చూడలేదు మిస్ లోరీన్," అంది తల దించుకుని.