ఖాళీగా తిరిగిన మెషీన్

వాషింగ్ మెషీన్ తిరుగుతున్నంతసేపే నా భోజనం. సిడ్నీ గిరావీన్‌లో మా ఇంటి వెనకవైపు, పెరట్లోకి తలుపున్న చిన్న లాండ్రీ గది ఉంది. రంజాన్ నెలలో నాకు డేట్ వచ్చిన రోజుల్లో అక్కడే, సబ్బుపొడి డబ్బా పక్కన గిన్నె పెట్టుకుని, నిలబడి తినేదాన్ని. మెషీన్ మోతలో చెంచా చప్పుడు హాల్లోకి వినపడదు. బట్టలు పిండే సమయానికి గోడలు అదిరిపోతాయి కదా, అప్పుడైతే అప్పడం కూడా నమలొచ్చు.

నవ్వితే నవ్వండి, చాలా ఏళ్ళు నేనూ నవ్వుకున్నాను. ఆ రోజుల్లో ఉపవాసం వద్దని, నమాజు అక్కర్లేదని దేవుడే చెప్పాడు. విడిచిన రోజాలు తరవాత ఉండొచ్చు. ఆయన అంత స్పష్టంగా ఇచ్చిన సెలవుని మనుషుల ముందు వాడుకోవడానికి మాత్రం మాకు అనుమతి లేదు. కొన్నేళ్ళ కిందట అత్తమామలు మా దగ్గరుండడానికి గుంటూరు నుంచి వచ్చిన మర్నాడే అత్తమ్మ నన్ను వంటగదిలోకి పిలిచి చెప్పింది, "మామయ్య ముందు తినమాక. అడిగితే ఒంట్లో బాగోలేదని చెప్పు" అని. మా ఆయన గియాసుద్దీన్ అదే మాట ఇంకా మెత్తగా చెప్పాడు. "అమ్మావాళ్ళు ఉన్నన్నాళ్ళేగా ఫరీదా, కొంచెం అడ్జస్ట్ అయిపో."

అయిపోయాను. తెల్లవారకముందే లేచి అందరికీ సహరీ వండి, వాళ్ళతో కూర్చుని తిని, గిన్నెలు కడిగి ఆఫీసుకెళ్ళి, సెలవు రోజైతే పగలంతా ఇంట్లో ఆకలి నటించి, సాయంత్రం గంజి కాచి, అందరితో పాటు ఖర్జూరం నోట్లో వేసుకుని "అమ్మయ్య" అనేదాన్ని. డిసెంబరులో సిడ్నీ సూర్యుడు ఎనిమిదింటికి గానీ దిగడు. నటన కూడా అంతసేపూ సాగాలి. ఉపవాసమే నయం, అందులో కనీసం నిజం ఉంటుంది.

ఒంట్లో బాగోలేదన్న మాట నాకు కొత్తేమీ కాదు. తెనాలిలో హైస్కూల్లో ఉండగా నేను ఖోఖో జట్టులో ఉండేదాన్ని. పోటీల రోజు పొద్దున్నే డేట్ వచ్చింది. పిల్లకి ఒంట్లో బాగోలేదని అమ్మ బడికి కబురు పంపింది. నాకేమో ఒంట్లో దివ్యంగా ఉంది. కాళ్ళు పరిగెత్తడానికి గింజుకుంటున్నాయి. దుప్పటి కప్పి పడుకోబెట్టారు. మా జట్టు ఓడిపోయిందని సాయంత్రం తెలిసి ఏడిస్తే, "చూశారా, నొప్పి ఎక్కువైనట్టుంది" అన్నారు.

ఇంట్లో గుసగుసగా పలికే డేట్ అన్న మాట తొంభై తొమ్మిదిలో మా ఆఫీసులో మారుమోగిపోయింది. నేనొక ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రోగ్రామర్ని. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్న పాత ప్రోగ్రాములన్నీ రెండువేల సంవత్సరం రాగానే వెనక్కి, పందొమ్మిది వందలకి వెళ్ళిపోతాయని ప్రపంచమంతా వణుకుతున్న రోజులవి. మా పనంతా ఆ డేట్లు సరిచెయ్యడమే. "డేట్ సరిగ్గా వచ్చిందా", "నీది ఇంకా రాలేదా" అని మగవాళ్ళు ఈ చివర్నుంచి ఆ చివరికి కేకలేసుకుంటుంటే, నా పక్కసీటు ప్రేమలీల కీబోర్డు మీదికి వంగిపోయేది. ఆమెది కాకినాడ. "మనం చెవుల్లో చెప్పుకునే ముక్కని వీళ్ళు మైకు పెట్టి చెబుతున్నారు ఫరీదా" అనేది. ఇద్దరం నవ్వాపుకోలేక మంచినీళ్ళ వంకతో లేచిపోయేవాళ్ళం.

నెలాఖరు లెక్కల ప్రోగ్రాములు నడిపే రన్ అనుకున్న డేట్‌కి పూర్తయితే మా మేనేజర్ మార్క్ అందరికీ ఒకే మాట మెయిల్ పెట్టేవాడు: "హెల్తీ." డేట్‌కి రాకపోతేనే కంగారు, ఫోన్లు, మీటింగులు. ఒకరోజు ఆ మెయిల్ చదువుతుంటే తట్టింది. నా ఒంట్లో జరిగే రన్ చిన్నప్పటినుంచీ, ఎవరూ కాపలా కాయకుండానే, తన డేట్‌కి తను వస్తోంది. దాన్ని ఒక్కరైనా హెల్తీ అన్నారా? నేనైనా అన్నానా? మొదటి రోజు నడుము లాగుతుంది, కాదనను. కానీ ఆ తరవాత బుర్ర తేటపడుతుంది. రెండు డేట్ల నడుమకొచ్చేసరికి ఎంత చిక్కుముడి ప్రోగ్రామైనా నా చేతిలో విడిపోతుంది. అప్పటినుంచి కష్టమైన పనుల్ని ఆ నడిమి రోజులకి పెట్టుకోవడం మొదలుపెట్టాను. నా ఒళ్ళు నాతో ఇన్నేళ్ళుగా మాట్లాడుతూనే ఉందని, నేనే మెషీన్ మోత పెట్టుకుని వినలేదని అర్థమైంది. ప్రేమలీలతో చెప్పాను. ఇంట్లో చెప్పలేదు.

మా పన్నెండేళ్ళ అమ్మాయి మెహ్విష్‌కి అప్పుడు బడి సెలవులు. ఈసారి అన్ని రోజాలూ ఉంటానని పట్టుబట్టింది. ఒక శుక్రవారం నాకు డేట్ వచ్చింది. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేసరికి పిల్ల పడుకుంది. మర్నాడు మధ్యాహ్నం గిన్నెలో గోంగూర పచ్చడన్నం కలుపుకుని లాండ్రీ వైపు వెళ్తే, లోపల మెషీన్ అప్పటికే తిరుగుతోంది. నేను వెయ్యలేదు. మా ఇంట్లో నేను కాక దాన్ని ముట్టుకునేవాళ్ళు లేరు.

తలుపు తోశాను. మెహ్విష్ మూలన, నేలమీద మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. చేతిలో ఒట్టి బ్రెడ్ ముక్క. నన్ను చూడగానే వెనక్కి దాచింది.

నాకు అర్థమైంది. "ఎప్పుడు బేటా?"

"యెస్టర్డే."

"నాకెందుకు చెప్పలేదు?"

"దాదీ సెడ్ డోంట్ టెల్ ఎనీవన్. జస్ట్ సే ఐ యామ్ సిక్." వెనక దాచిన బ్రెడ్ ముందుకు తీసింది. "షీ సెడ్ యూ ఈట్ హియర్ టూ. ఆమ్ ఐ సిక్, మమ్?"

చెయ్యి ఊరికే ఉండలేక మెషీన్ మూత ఎత్తాను. లోపల ఒక్క బట్ట లేదు. ఒట్టి నీళ్ళు తిరుగుతున్నాయి. బ్రెడ్ ముక్క నమిలితే చప్పుడేం వస్తుంది? అయినా మెషీన్ వేసుకుంది, ఇక్కడ తినాలంటే అది తిరగాలని నన్ను చూసి నేర్చుకుంది కాబట్టి. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మెషీన్ ఆపేశాను. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది.

"లే, బల్ల దగ్గర తిందాం."

"బట్ దాదా ఈజ్ దేర్."

"ఉండనీ."

హాలూ భోజనాల బల్లా మా ఇంట్లో ఒకటే గదిలో. మామయ్యగారు సోఫాలో పేపరు చదువుతున్నారు. అత్తమ్మ పక్కన కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుకుంటోంది. నేను రెండు కంచాలు పెట్టి, పప్పు వేడిచేసి, పనిగట్టుకుని అప్పడాలు వేయించాను. ఉపవాసమున్నవాళ్ళ ముందు తినడం మర్యాద కాదనొచ్చు. మెహ్విష్ నిరుడు దాకా రోజూ వాళ్ళ ముందే తింది, ఎవరి రోజా చెడలేదు.

అత్తమ్మ వేళ్ళు ఆగిపోయాయి. కళ్ళతోనే వద్దంది. గియాసుద్దీన్ గబగబా వచ్చి నా చెవి దగ్గర గొణిగాడు. "ఫరీదా, లోపలికెళ్ళి తినొచ్చుగా."

"ఇదే లోపల" అన్నాను. "ఇంతకాలం బయట తిన్నాం."

అతను కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. నేను అప్పడం విరిచి సగం మెహ్విష్ కంచంలో వేశాను. అది తాతగారి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, మెల్లిగా కొరికింది. ఆ చప్పుడు గదంతా వినపడింది.

మామయ్యగారు పేపరు దించారు. మంచి మనిషి ఆయన, మనవరాలంటే ప్రాణం. ముఖంలో నిజమైన కంగారు కనపడింది. "ఏమ్మా, ఇద్దరూ రోజా లేరా? ఒంట్లో బాగోలేదా?"

"అవునండీ, కొంచెం..." అని అత్తమ్మ అందుకోబోయింది.

మెహ్విష్ నమలడం ఆపి నా ముఖంలోకి చూసింది. లాండ్రీలో అడిగిన ప్రశ్నే ఇంకా దాని కళ్ళలో ఉంది. జవాబు దానికీ, మామయ్యగారికీ, అత్తమ్మకీ కలిపి ఒకేసారి చెప్పాను.

"ఇద్దరికీ ఒంట్లో బాగానే ఉంది మామయ్యా. బాగుంది కాబట్టే నెలసరి వచ్చింది."