అందుకోకూడని మాట

డిపోలో అందరూ ఆమెని మైకు అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి లేకపోలేదు. అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. బస్టాండులో ప్రకటనలు చెప్పడం ఆమె ఉద్యోగం. అద్దాల గదిలో కూర్చుని, అట్టకి అంటించిన టైముల పట్టిక ముందు పెట్టుకుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ముప్పావుగంట ఆలస్యమో, గొడుగు మర్చిపోయిన మహానుభావులు ఎక్కడికొచ్చి తీసుకోవాలో పొద్దున్నించి సాయంత్రం దాకా చెబుతూనే ఉండాలి. అంత చెప్పి ఇంటికొచ్చాక నోరు అలిసిపోతుందనుకుంటే పొరపాటే. ఇంట్లో మైకు ఉండదు, అంతే తేడా.

అలాంటి మనిషికి నోట్లో నాలుక లేని మొగుడు దొరికాడు. ఆయన కళ్ళజోళ్ళ షాపులో వెనకగదిలో పనిచేస్తాడు. గుండ్రటి అద్దాన్ని తిరిగే సానరాయికి ఆనించి, దాని మీద నీళ్ళు చుక్కచుక్కగా పడుతుంటే, ఫ్రేములో సరిగ్గా కూర్చునేదాకా అంచు అరగదీస్తాడు. సాయంత్రానికి గోళ్ళ సందుల్లో తెల్లటి అద్దంపొడి పేరుకుంటుంది. అసలే మనిషి మెతక, దానికి తోడు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట పట్టేసుకుంటుంది. మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్ళు మూసుకుపోతాయి, మాట మాత్రం గడప దాటదు.

వాళ్ళ పరిచయమే అలా మొదలైంది. కళ్ళజోడు కాడ విరిగిందని ఆమె ఆ షాపుకి వెళ్ళినరోజు ముందుగదిలో ఎవరూ లేక ఆయనే బయటికొచ్చాడు. "రే... రే..." అని ఆగిపోయాడు.

"రేపు రమ్మంటారా?" అందామె.

"అదే," అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం ఆయనకి ఎప్పుడూ తడుముకోకుండా వచ్చేది.

ఆరునెలలకి పెళ్ళయింది. ఎనిమిదేళ్ళుగా అదే వరస. ఆయన మొదలుపెట్టడం, ఆమె అందుకోవడం, ఆయన "అదే" అనడం. "మీ ఇంట్లో ఇద్దరి మాటలూ నువ్వే మాట్లాడతావు కదే, అలుపు రాదూ?" అని వాళ్ళక్క వేళాకోళం చేసేది. మైకుకి అది పొగడ్తలాగే వినపడేది. ఆయన మెడ నరాలు ఉబ్బడం ఆమె చూడలేకపోయేది. చేతిలో బరువుతో మెట్లెక్కుతున్న మనిషికి ఎదురెళ్ళి సంచీ అందుకోమా, ఇదీ అంతే అనుకునేది. ప్రేమంటే ఇంకేముంటుంది?

ఒక మంగళవారం ఆమె గొంతు పోయింది. పొద్దున రెండో బస్సు దగ్గర బొంగురుపోయి, అయిదో బస్సు దగ్గర పూర్తిగా మూగబోయింది. డాక్టరు గొంతులో దీపం వేసి చూసి, "వారం రోజులు గుసగుస కూడా వద్దు. మాట్లాడితే ఇంక ఈ ఉద్యోగం మర్చిపోండి," అన్నాడు. ఆమె మధ్యాహ్నానికే ఇంటికొచ్చేసింది. షాపుకి మంగళవారం సెలవు కాబట్టి ఆయన ఇంట్లోనే ఉంటాడు.

తలుపు చేరవేసి ఉంది. లోపల ఎవరో మగమనిషి మాట్లాడుతున్నాడు. ఎవరొచ్చారా అనుకుంటూ చెప్పులు విప్పింది. తీరిగ్గా, మధ్యలో నవ్వు ఆపుకుంటూ, ఎంతో ఇంపుగా సాగుతోంది ఆ గొంతు. "ఒకాయన, ముసలాయన, వారం కిందట కౌంటరు మీదున్న వేరేవాళ్ళ కళ్ళజోడు పెట్టుకుని వెళ్ళిపోయాడు. మేము వెతికి వెతికి నిన్న ఆయనింటికి వెళితే ఇవ్వనంటాడు! ఇది పెట్టుకున్నప్పటినించీ మా ఆవిడ చాలా బావుంటోంది, పాతది మీరే ఉంచుకోండి అంటాడు. ఆవిడేమో వెనకనించి, పోనీలెండి బాబూ, ఎంత కావాలంటే అంత నేనిస్తాను అని సైగలు..."

వెనక వరండాలో ఆమె మొగుడు కిటికీ గట్టు మీద కాళ్ళు పెట్టుకుని ఫోనులో మాట్లాడుతున్నాడు. అక్కడక్కడా ఒక మాట దగ్గర ఆగుతున్నాడు, కానీ కంగారు లేదు, నరాలు ఉబ్బడం లేదు. ఆగి, మళ్ళీ అందుకుని, ముందుకు పోతున్నాడు. ఫోనులోంచి ఒక ఆడమనిషి నవ్వు వినపడింది.

మైకు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. ఆయన ఎవరినో ముట్టుకుంటూ కనపడినా ఇంత దెబ్బ తగిలేది కాదేమో. ఎనిమిదేళ్ళలో ఆయన నోట మొదలూ చివరా ఉన్న ఒక్క కథ ఆమె వినలేదు. ఆ గొంతు ఆ ఇంట్లోనే ఉంది, మంగళవారం మంగళవారం బయటికొస్తోంది, తనకి తప్ప ఎవరికో వినిపిస్తోంది.

ఆయన ఆమెని చూసి ఫోను పెట్టేశాడు. అడగడానికి ఆమెకి గొంతు లేదు. సంచీలోంచి పాత టైముల పట్టిక తీసి, దాని వెనక రాసింది: "ఎవరు?"

"క్లా... క్లాసులో..."

రెండేళ్ళ కిందట ఆయన శనివారాలు ఆస్పత్రిలో నత్తి పోగొట్టే క్లాసుకి వెళ్ళేవాడు. ఏడాది వెళ్ళి మానేశాడు, పెద్ద తేడా ఏం రాలేదని ఆమే తేల్చేసింది.

"ఆ... ఆవిడ... అక్కడ..."

గొంతు పోయినా అలవాటు పోతుందా? ఆమె గబగబా రాసి కాగితం ఆయన ముఖం ముందు పెట్టింది: "పాఠం చెప్పేదా?"

ఆయన కాగితం చూశాడు. ఆమె ముఖం చూశాడు. "అదే," అన్నాడు.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ వారమంతా నోరు మూసుకుని కూర్చున్న ఆమె తలలో ఒక పాఠాలమ్మాయి తయారైంది. చక్కటి పలుకు, సన్నటి నవ్వు, ఓపిక. చూడ్డానికొచ్చిన అక్కకి జరిగిందంతా రాసి చూపిస్తే, అక్క నుదురు కొట్టుకుంది. "మూగవాడని మురిసిపోయావు కదే! చేనుకి కంచె వేసుకోవడం తప్పు కాదు. ఇవాళే చెప్పెయ్, తర్వాత చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు."

ఆ సాయంత్రమే మైకు ఇంకో పాత టైముల పట్టిక వెనక హద్దులు రాసింది. ఆవిడతో ఫోనులు వద్దు. ఎక్కడా కలవద్దు. తప్పనిసరైతే నేను పక్కన ఉండగా. కింద ఇంకో వాక్యం రాసింది: "నాకు బాధగా ఉంది." అది నిజం. కట్టుకున్నవాడితో నాకు బాధగా ఉందని చెప్పుకోవడం ఏ లెక్కన చూసినా తప్పు కాదు.

ఆయన అద్దం అంచు చూసినట్టు ఆ చీటీని దగ్గరగా పట్టుకుని రెండుసార్లు చదివాడు. ఏదో చెప్పబోయాడు. "నే... నేను... నీ..." అన్నాడు. ఆమె పెన్సిలు అందుకుంది. అది చూసి ఆయన ఆగిపోయాడు. "స... సరే," అని చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మాటంటే మాటే ఆయనకి. ఫోను తెచ్చి ఆమె దిండు పక్కన గూట్లో పెట్టేశాడు. మంగళవారాలు గుడ్డలు ఉతికి, కిటికీలు తుడిచి, ఆమె వచ్చేదాకా కుర్చీలో కూర్చునేవాడు. మైకు గొంతు తిరిగొచ్చింది. మొదటి నెల ఆమె ప్రాణం కుదుటపడింది. రెండో నెలలో ఇంట్లో ఏదో తగ్గినట్టనిపించింది. ఆయన ఉప్పు కావాలంటే వేలు చూపిస్తున్నాడు. వెళ్ళొస్తానన్నదానికి చెయ్యి ఊపుతున్నాడు. ఆమె అందుకోవడానికి కూడా మొదటి అక్షరం రావడం లేదు. "ఏంటండీ బెల్లం కొట్టిన రాయిలా?" అని నవ్వుతూ అంది. ఆయనా నవ్వాడు, శబ్దం లేకుండా. ఆ ఖాళీని ఆమె తన మాటలతో నింపింది. ఎంత పోసినా నిండలేదు.

నాలుగో నెలలో షాపు యజమాని బస్సెక్కడానికి వచ్చి అద్దాల గది కిటికీ తట్టాడు. "మీవారికి ఒంట్లో బాగుంటోందా అమ్మా? మళ్ళీ వెనకగదిలోనే కూర్చోబెట్టాను. ఏం చేస్తాం, ఎవరొచ్చినా చీటీ రాసి చూపిస్తున్నారు."

"మళ్ళీ అంటే?"

"అదేంటి, ఏడాదిపాటు పూటకి రెండుగంటలు కౌంటర్లో ఉన్నారుగా! ఆగి ఆగి మాట్లాడినా ఎంత బాగా చెప్పేవారని. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పడానికి ఎప్పుడైనా మొదలుపెట్టాడో, తను ఇంకేదో అందించిందో, ఆమెకి గుర్తు రాలేదు.

మర్నాడు సెలవు పెట్టి, గూట్లోని ఫోనులో ఉన్న నంబరుకి చేసి, పేరు చెప్పి, చిరునామా పంపమంది. అవతల చాలాసేపు ఊపిరి తప్ప ఏం వినపడలేదు. తర్వాత చిరునామా వచ్చింది.

మందుల షాపు మీద చిన్న గది. కుట్టుమిషను, సుద్దముక్కలు, చేతులు విప్పదీసిన కోట్లు. యాభై దాటిన టైలరమ్మ నోట్లో గుండుసూదులు పట్టుకుని తలుపు తీసింది. పాఠాలమ్మాయి ఎక్కడా లేదు. టైలరమ్మ సూదులు ఒక్కొక్కటే మిషను మీది చిన్న దిండుకి గుచ్చి, కుర్చీ చూపించి, "మీ... మీ... మీ..." అంది. మెడ పక్కకి తిరిగిపోయింది, దవడ బిగుసుకుపోయింది.

"మీరు కూర్చోండి అంటున్నారా?" అంది మైకు.

టైలరమ్మ చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు. మళ్ళీ మొదటినించి మొదలుపెట్టింది. గోడ గడియారం ముల్లు ఎంత దూరం జరిగిందో మైకు చూస్తూనే ఉంది. "మీ... మీ గొంతు... నా... నాకు తెలుసు. బ... బస్టాండులో... వింటాను."

మైకు కుర్చీలో కూర్చుంది. "మీరు పాఠాలు చెప్పేవారు అనుకున్నాను."

"ప... పక్క కుర్చీ," అంది టైలరమ్మ. "క్లా... క్లాసులో."

చెప్పాల్సింది చాలా లేదు. కానీ అది చెప్పడానికి గంట పట్టింది, మైకు రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని విన్నది. క్లాసు అయిపోయాక వాళ్ళిద్దరూ ఒక ఒప్పందం పెట్టుకున్నారు. మంగళవారం మంగళవారం మాట్లాడుకోవాలి. "మాకూ ఒక... హ... హద్దు ఉండేది," అంది టైలరమ్మ. "ఒకళ్ళ మాట... ఇంకొకళ్ళు... అం... అందుకోకూడదు. అంతే. ఒకటే."

"నా గురించి చెప్పేవారా?"

"అ... అన్నీ మీకోసమే. మీకు చె... చెప్పాలనుకున్నవి... ముందు నా దగ్గర... సాధన. కా... కాఫీ ఇష్టం లేదని... ఇ... ఇంట్లో... ఎ... ఎలా చెప్పాలా అని... నెల్లాళ్ళు." ఆవిడ నవ్వింది. పెళ్ళైన కొత్తలో ఆయన "కా..." అంటే కాఫీయా అని అందుకుంది మైకే. అది మొదలు రోజూ రెండు పూటలా ఇస్తూనే ఉంది. "క... కళ్ళజోడు ముసలాయన కథ... చె... చెప్పారా? ఆ... ఆ రాత్రి మీకు చెప్తానన్నారు. అ... అందుకే నాకు... మూడుసార్లు చెప్పారు."

ఆ రాత్రి మైకు చేతిలో పెన్సిలు ఉంది.

"మీరు మళ్ళీ ఫోను చెయ్యండి," అంది ఆమె. "తప్పు నాది. నేనే చెప్తున్నానుగా, చెయ్యండి."

"రెం... రెండుసార్లు చేశాను. ఎ... ఎత్తలేదు. తర్వాత ఉత్తరం వచ్చింది. మా... మాట ఇచ్చానని." టైలరమ్మ కోటు చెయ్యి ఒళ్ళోకి లాక్కుని, దారం తెంపింది. "నే... నేనూ ఇప్పుడు... ఎ... ఎవరితోనూ..." ఆ వాక్యం ఆవిడ పూర్తి చెయ్యలేదు. మైకు అందుకోలేదు.

ఇంటికొచ్చేసరికి ఆయన స్నానం చేసి కూర్చున్నాడు. ఆమె ఎదురుగా నేల మీద కూలబడింది. "ఆవిడ దగ్గరికెళ్ళొచ్చానండీ. అన్నీ చెప్పారు. ఆ చీటీ చింపెయ్యండి. మీ ఇష్టం వచ్చినంతసేపు మాట్లాడుకోండి."

ఆయన జేబులోంచి చీటీ తీశాడు. మడతల దగ్గర చిరిగి నాలుగు ముక్కలయ్యేలా ఉంది. నాలుగు నెలలుగా చొక్కా మార్చినప్పుడల్లా దాన్నీ మారుస్తున్నాడన్నమాట. చింపలేదు. మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకు ఆ కళ్ళజోడు ముసలాయన కథ చెప్పండి," అందామె. "నేను మధ్యలో మాట్లాడను. ఎంతసేపైనా వింటాను."

ఆయన చీటీ మీదినించి చూపెత్తాడు. తర్వాత నోరు తెరిచాడు. "ఒ... ఒ..."

ఒకాయన. ఆ మాట ఆమె నాలుక చివరే ఉంది. పెదవులు లోపలికి మడిచి పళ్ళతో నొక్కిపట్టింది. ఆయన మెడ నరం లేచింది. కళ్ళు మూసుకుపోయాయి. "ఒ... ఒ... ఒ..." వీధిలో ఎవరో తలుపు వేశారు. ఆమె కదల్లేదు. ఇంకొంచెం, ఇంకొంచెం అని మనసులో బతిమాలుకుంటోంది. ఆయన కళ్ళు తెరిచి, బిగబట్టిన ఆమె పెదవులు చూశాడు. ఆ పెదవులు అలా మూసుకుని ఉండడం ఆయన ఒక్కసారే చూశాడు, హద్దులు రాసిన ఆ వారం. ఆయన ముఖంలో ఏదో ఆరిపోయింది. అరచెయ్యి ఆమె వైపు చాచాడు. నువ్వే చెప్పు, అన్నట్టు. ఎప్పటిలాగే నువ్వే అందుకో, అన్నట్టు.

అందుకుంటే ఆ కథ ఇంక ఎప్పటికీ ఆమెదే, ఆయనది కాదు. అందుకోకపోతే ఆయన చెయ్యి అలా గాలిలో ఉండిపోతుంది. ఆమె తల అడ్డంగా ఊపింది. ఏడుస్తూ ఊపింది.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చీటీ తిరగేసి, గూట్లోంచి పెన్సిలు తెచ్చి, అచ్చయిన బస్సు టైముల పక్కన ఉన్న ఖాళీలో నెమ్మదిగా రాసి, ఆమె చదువుకునేలా తిప్పి పెట్టాడు.

"మర్చిపోయాను. ఏడవకు. కాఫీ తాగుదామా?"

వద్దు అని చెప్పాలి. మీకు ఇష్టం లేదు కదా అని చెప్పాలి. బస్టాండంతా నిండే గొంతు ఆమెది. వ అన్న అక్షరం దగ్గర పట్టేసుకుంది, ఎంత నెట్టినా కదల్లేదు. ఆయన ఓపిగ్గా చూస్తున్నాడు.

"అదే," అంది.

ఆయన లేచి రెండు కప్పులు కడగడానికి వెళ్ళాడు.