ఏడో లైను వెనక్కి తోస్తుంది

ఫిబ్రవరి పదకొండు ఉదయం పదింబావుకి ఓస్టర్‌జీల్ రేవు యార్డులో, ఏడో లైను మీద, విద్మంతాస్ కుడి చెయ్యి రెండు వ్యాగన్ల బఫర్ల మధ్య, అవి ఒకదాన్నొకటి గుద్దుకునే చోట, పడింది. ఆ సమయానికి యార్డులో ఉన్నది అతనొక్కడే. ఇప్పుడు ఇంజనుకి డ్రైవరు ఉండడు. వ్యాగన్లు జతచేసే షంటరు బెల్టుకి రేడియో పెట్టె కట్టుకుని, దాని మీటలు నొక్కుతూ ఇంజనుని తనే నడుపుతాడు. తనే వెళ్ళి వ్యాగన్ల మధ్య వంగి గొలుసు తగిలిస్తాడు. విద్మంతాస్ అరిచాడేమో తెలియదు. రేవు గట్టున గింజలు దించే క్రేను మీద ఉన్న ఆయన చూసి ఫోను చేసేసరికి పద్నాలుగు నిమిషాలు గడిచాయి.

నాది ఆ రోజు మధ్యాహ్నం షిఫ్టు. ఫోను వచ్చినప్పుడు ఇంట్లో గడ్డం గీసుకుంటున్నాను. మోచెయ్యి కింద నుంచి చెయ్యి తీసేశారని సాయంత్రం చెప్పారు.

నేను ఈ యార్డులో 1979లో చేరాను. అప్పుడు పన్నెండు లైన్లు, షిఫ్టుకి పంతొమ్మిది మంది. వేరే యార్డుల్లో బండి ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్క నుంచి పోతుంది. మాది సముద్రం దగ్గర ముగిసిపోయే యార్డు. ప్రతి లైను చివరా ఒక దిమ్మ, దాని ముందు స్ప్రింగు బఫర్లు, దాని వెనక నీళ్ళు. లోపలికి తోసిన వ్యాగను వచ్చిన దారినే బయటికి రావాలి. ఇనప రాయి, బొగ్గు, ఆకురాలే కాలంలో బంగాళాదుంపలు, హెర్రింగ్ చేపల పీపాలు వచ్చేవి. తర్వాత చేపలు లారీలెక్కాయి, బొగ్గు ఆగిపోయింది. ఇప్పుడు మూడు లైన్లు మిగిలాయి. వాటి మీద పశువుల దాణా, గాలిమరల రెక్కలు వస్తాయి. మిగతా తొమ్మిదింట్లో బర్చ్ చెట్లు మొలిచాయి.

ఏడో లైనుకి ఒక గుణం ఉంది. నిలబడి ఉన్న వ్యాగన్లకి కొత్త వ్యాగన్లు తగిలిస్తే, నిలబడి ఉన్నవి ఒక బారెడు వెనక్కి జరిగి ఆగుతాయి. ఆగినట్టే కనిపిస్తాయి. కానీ దిమ్మ స్ప్రింగు అప్పటికి పూర్తిగా అణిగి ఉంటుంది. అది వాటిని తిరిగి తోస్తుంది. ఖాళీ వ్యాగన్లయితే ఇంకా గట్టిగా. పాత రోజుల్లో దిమ్మ దగ్గర హాయో అనే మనిషి నుంచునేవాడు. వ్యాగన్లు తిరిగొచ్చి కదలకుండా ఆగాక చెయ్యి దించేవాడు. అతను చెయ్యి దించేదాకా ఎవరూ మధ్యలోకి వెళ్ళేవాళ్ళం కాదు. పదిహేడేళ్ళు అతని పని అదే. 1994లో ఆ ఉద్యోగం తీసేశారు. అప్పటినుంచి మేం ఇరవై లెక్కపెట్టి లోపలికి వంగుతున్నాం. ఈ ఇరవై ఏ పుస్తకంలోనూ లేదు.

విద్మంతాస్ లిథువేనియా వాడు. అక్కడ షియౌలియాయ్ అనే ఊళ్ళో, రెండు వైపులా తెరిచి ఉన్న యార్డులో పదకొండేళ్ళు షంటింగు చేశాడు. కొత్తవాడికి యార్డు చూపించి కాయితం మీద సంతకం పెట్టడం నా పని. పూర్వం అందుకు పది షిఫ్టులు ఇచ్చేవాళ్ళు. కంపెనీ దాన్ని రెండు గంటలు చేసింది. ఫిబ్రవరి మూడున వాన పడుతోంది. మేం రెండు లైన్లు నడిచి గదిలోకొచ్చి టీ పెట్టుకున్నాం.

"మాస్టారూ, ఇది రెండో కప్పా, మూడోదా?" అన్నాడు.

"మూడోది. మూడు తాగకుండా లేచినవాడికి ఈ ఊళ్ళో పిల్లనివ్వరు."

"నాకు పెళ్ళయిపోయింది."

"అయితే రెండు చాలు. ఆ కప్పిటివ్వు."

వాన తగ్గలేదు. అతనికి పని వచ్చని చూడగానే తెలిసింది. గొలుసు ఎత్తే పద్ధతిలోనే తెలిసిపోతుంది. కాయితంలో చూపించాల్సినవాటి పేర్లతో పన్నెండు గళ్ళున్నాయి. పన్నెండింట్లోనూ టిక్కు పెట్టి సంతకం చేశాను. ఏడో లైను చూపించలేదు.

ప్రమాదం జరిగిన ఆరో రోజు ఆస్పత్రికి వెళ్ళాను. అతని భార్య నిజోలె కుర్చీ నాకిచ్చి కిటికీ దగ్గర నుంచుంది.

"పదకొండేళ్ళు, మాస్టారూ," అన్నాడు విద్మంతాస్. "రోజుకి మూడొందల వ్యాగన్లు. కదిలే బండి మధ్యలో చెయ్యి పెట్టడం నిన్న చేరినవాడు కూడా చెయ్యడు. నేనెలా పెట్టాను?"

"ఇప్పుడెందుకవన్నీ, పడుకో."

"ఆగాయనే అనుకున్నాను. కళ్ళే మోసం చేశాయో ఏమో. మీరు నమ్మి సంతకం పెట్టారు, మీకు మాట తెచ్చాను. ఏమనుకోకండి."

అప్పుడు చెప్పాల్సింది. నేను అతని దుప్పటి సరిచేసి వచ్చేశాను.

దర్యాప్తు అధికారి వచ్చే ముందు రోజు యార్డు మేనేజరు టేడా నన్ను తన గదికి పిలిచింది. ఆమె హాయో కూతురు. పుట్టినప్పటినుంచీ ఎరుగుదును.

"కాయితం నిండుగా ఉంది, బాబాయ్. అన్ని లైన్లూ చూపించినట్టుంది. అతను కదిలే బండిలో దూరాడు. అంతే కదా?"

"ఏడోది చూపించలేదమ్మా."

"ఆ మాట నేను వినలేదు."

"మీ నాన్న అక్కడే కదే నుంచునేవాడు. నీకు తెలీదా అది వెనక్కొస్తుందని?"

"నాన్నని మధ్యలోకి తేకు. యార్డుదే తప్పని రాస్తే ఏడో లైను మూసేస్తారు. దాణా లారీలెక్కుతుంది. తొమ్మిదిమందిమి ఉన్నాం ఇక్కడ. నీకు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది, మాకు రాలేదు."

"అతనిదే తప్పని రాస్తే?"

ఆమె కాయితాన్ని ఫైల్లో పెట్టేసింది. "అతనెలాగూ ఇంక షంటింగుకి రాలేడు, బాబాయ్," అంది.

ఆ వాక్యంతో నాకు నిర్ణయం అయిపోయింది. ధైర్యం వచ్చిందని కాదు. ఆ వాక్యం ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నా మనసులోనే ఉంది. వేరేవాళ్ళ నోట విన్నాక దాన్ని ఇంక దగ్గర ఉంచుకోలేకపోయాను.

మర్నాడు అధికారి అడిగాడు. "రెండు గంటల్లో పట్టాల మీద ఎంతసేపున్నారు?"

"యాభై నిమిషాలు."

"మిగతా టైము?"

"టీ తాగాం."

రాసుకున్నాడు. "ఇరవై లెక్కపెట్టాలని ఎక్కడ రాసుంది?"

"ఎక్కడా లేదు."

"అతనికి తెలిసే వీలేమైనా ఉందా?"

"నేను చెబితేనే ఉంది."

అది కూడా రాసుకున్నాడు. ఏడో లైనుకి ఏప్రిల్లో తాళం వేశారు. తొమ్మిదిమందిలో నలుగురిని పంపేశారు. కొత్తవాళ్ళకి నేర్పే నా అధికారం రద్దయింది. టేడాని వేరే ఊరికి మార్చారు. వెళ్ళేముందు యార్డులో అందరితోనూ చెయ్యి కలిపింది, నాతో తప్ప.

నివేదిక జూన్లో వచ్చింది. తొమ్మిదో పేజీలో ఉంది: షంటరు నిలిచి ఉన్న వ్యాగన్ల మధ్యలోకే ప్రవేశించాడు. అవి తిరిగి వస్తాయన్న సంగతి అతనికి తెలియజేయలేదు. తెలియజేయాల్సింది మెన్నో హార్మ్స్. మెన్నో హార్మ్స్ అంటే నేనే.

ఆ నకలు తీసుకుని విద్మంతాస్ ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు. అతను కాయితాన్ని బల్ల మీద పరిచి, జారకుండా కుడి మోచెయ్యి ఆనించి చదివాడు. ఆ పేజీ రెండోసారి చదివాడు.

"అంటే అవి ఆగే ఉన్నాయి," అన్నాడు.

"ఆగే ఉన్నాయి. తిరిగొస్తాయని నీకెవరూ చెప్పలేదు."

"ఎవరూ ఏంటి? నువ్వు చెప్పలేదు."

"నేను చెప్పలేదు."

"ఆస్పత్రిలో నీకు క్షమాపణ చెప్పాను. కూచుని విన్నావు."

"విన్నాను."

"నాలుగు నెలలు. లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అదే. ఎక్కడ చూసుకోలేదు, ఏది మర్చిపోయాను, అని. ఇంట్లో గ్లాసు జారితే కూడా, చూశావా, నేనింతే, అనుకున్నాను. దీనిక్కూడా ఏదైనా గడి ఉందా నీ కాయితంలో?"

అతను తలుపు వైపు తిరిగి నిజోలెని పిలిచి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆమె కాయితం తీసుకుని ఆ పేజీ నుంచుని చదివింది. నా వంక చూడలేదు. ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది.

"మా నాన్నకి చదివి వినిపిస్తుంది," అన్నాడు విద్మంతాస్. "ఆయనా షంటరే, ముప్పయ్యారేళ్ళు చేశాడు. జరిగింది చెప్పిన రోజున, నేను నీకు నేర్పింది ఇదేనా అని ఫోను పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు. ఇవాళ నిజోలె నంబరు చూసి ఎత్తుతాడేమో."

"ఎత్తుతాడు," అన్నాను.

"నువ్వెళ్ళు. మళ్ళీ రాకు."

లేచాను. తలుపు నేనే తీసుకున్నాను. మెట్లు దిగుతుంటే వంటింటి కిటికీలోంచి నిజోలె గొంతు వినపడింది. అవతల ఎవరో ఎత్తారు. ఆమె ఒక్కో వాక్యం ఆగి ఆగి, గట్టిగా చదువుతోంది. వాళ్ళ భాష నాకు రాదు. నా పేరు మాత్రం రెండుసార్లు వినపడింది.