సంతలో కొన్న మోకాళ్ళపీట

నేను ఒక మోకాళ్ళపీటను. పైన ప్రార్థన పుస్తకం పెట్టుకోవడానికి ఏటవాలు బల్ల, కింద మోకాళ్ళు ఆనించడానికి వెడల్పాటి చెక్క, ముందువైపు చెక్కిన చిన్న సిలువ. దేవసహాయం అనే వడ్రంగి నన్ను టేకు కర్రతో చేసి, హైదరాబాదులో ఒక పాత చర్చిలో పీఠానికి ఎడమ పక్కన నిలబెట్టి వెళ్ళాడు. సిలువ చెక్కేటప్పుడు ఆయన ఉలి జారి, ఒక కొమ్మ చివర చిట్లింది. ఎవరూ గమనించరులే అనుకున్నాడు పాపం.

మనుషుల మోకాళ్ళు మోసిన కొద్దీ నాకు వాళ్ళ మీద అనుమానం పెరిగింది. కళ్ళు మూసుకున్నారు కదా అని నమ్మడానికి లేదు. ఒక కన్ను గుమ్మం దగ్గర వదిలిన చెప్పుల మీదే ఉంటుంది. ఇంకొందరి ధ్యాసంతా పక్కవాళ్ళు ఏం పాపం చేసి అంతసేపు మోకరిల్లారా అని.

చర్చికి పాలరాయి పరిచే రోజుల్లో పాత సామానంతా వెనక వరండాలో పడింది. ఆ పనులన్నీ చూసే పెద్దమనిషి రాయప్ప. ఒక మధ్యాహ్నం పాత సామాన్ల బండి గేటు ముందు ఆగితే, నన్ను ఆయనే స్వయంగా ఎత్తి బండిలో వేశాడు. బండివాడు ఇచ్చింది జేబులో పెట్టుకుని, అడ్డం తొలగిందని చేతులు దులుపుకున్నాడు. అలా నేను ఎర్రగడ్డ సంతలో తిరగని ఫ్యానుల మధ్య, మూతల్లేని కుక్కర్ల మధ్య ఎండలో కూర్చున్నాను.

అక్కడికే వచ్చింది స్కొలాస్తిక. వెంట పదేళ్ళ కూతురు ఆగ్నెస్. తల్లి చేతిసంచిలో అప్పటికే ఒక అట్ట ఊడిన అట్లాసు, ఒక ఇత్తడి త్రాసు, యోసేపు బొమ్మ తప్పిపోయిన క్రిస్మస్ పశువులపాక సెట్టు ఉన్నాయి. నన్ను వేలితో కొట్టి చూసింది, తిరగేసి చూసింది, చెదలేమోనని వాసన కూడా చూసింది. మనుషుల్ని నేను ఎలా చూస్తానో ఆమె వస్తువుల్ని అలా చూస్తుందని నాకు కాస్త గౌరవం కలిగింది.

"ఇది ఎక్కడిది బాబూ? చర్చి సామానులా ఉంది."

"పాత సామాను పుట్టుక ఎవరడుగుతరక్కా? నచ్చితే తీస్కపో."

ఆమె తటపటాయించింది. అప్పటికే ఆగ్నెస్ నా మీద మోకరిల్లి, అట్లాసు తెరిచి, గోదావరి ఎక్కడుందో వెతుక్కుంటోంది. దాంతో బేరం ముగిసింది.

ఇంటికి చేరగానే భర్త బాలశౌరి నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. "దేవుడి సామాను సంతలో ఎందుకుంటది? ఎవడో కొట్టేసి అమ్ముంటాడు. మనకెందుకే ఈ తంటా?"

"మూలన పడున్నదాన్ని పిల్లకి చదువుకోడానికి తెచ్చానండీ. దేవుడేం అనుకోడు."

ఆగ్నెస్ బడికి వెళ్ళదు. ఎందుకో ఆ ఇంటి గోడల మధ్య మెల్లమెల్లగా తెలిసింది నాకు. ఐదో తరగతిలో ఎవరిదో వాచీ పోయింది. టీచరు అందరి ముందూ ఆగ్నెస్ సంచి ఒక్కటే వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకలేదు కదా అని అనుమానం పోలేదు. ఈ పిల్ల పక్కన కూర్చుంటే చాలు, పిల్లలు తమ పెన్సిలు డబ్బాలు ఒళ్ళోకి లాక్కునేవాళ్ళు. కొన్నాళ్ళకు బడి గేటు కనిపిస్తేనే పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. అప్పుడు వాళ్ళు ఇల్లు మారి ఈ పేటకొచ్చారు; ఇక్కడి చర్చి నుంచి నేను అప్పటికే పోయాను. బి.ఇడి. చదివిన స్కొలాస్తిక ఇంట్లోనే చదువు మొదలుపెట్టింది. పొద్దున నా మీద భిన్నాలు, త్రాసుతో కందిపప్పు తూకాలు. సాయంత్రం నా ముందే జపమాల. లెక్క కుదిరినప్పుడు ఆ పిల్ల వెనక పాదాలు ఊపుతుంది. చర్చిలో ఎవరూ నా మీద అంత సంతోషంగా మోకరిల్లలేదు.

అక్టోబరులో వీధివాళ్ళందరూ రోజుకో ఇంట్లో చెప్పే జపమాల వాళ్ళింటికి వచ్చింది. వచ్చినవాళ్ళలో రాయప్ప భార్య ఫిలోమినమ్మ ఉంది. ప్రార్థన మధ్యలోనే ఆమె చూపు నా సిలువ మీద పడింది. చివరి ఆమెన్ అనగానే లేచి, చిట్లిన కొమ్మను వేలితో తడిమింది.

"ఇది మన చర్చిదే. పనివాళ్ళు ఎత్తుకుపోయారని మా ఆయన ఫాదర్‌కి చెప్పాడు. మీ ఇంటికెట్లా వచ్చిందమ్మా?"

"సంతలో కొన్నానండీ."

"సంతలోనా," అని ఫిలోమినమ్మ సాగదీసింది. మిగిలినవాళ్ళు శనగలు తినడం ఆపి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తర్వాతి ఆదివారం స్కొలాస్తిక చర్చిలో పిల్లలకు చెప్పే సత్యోపదేశం తరగతిని ఎవరికో అప్పగించారు. ఎందుకని అడిగితే, "మీకు ఇంట్లో పని ఎక్కువ కదా," అన్నారు.

ఆ సాయంత్రం ఆగ్నెస్ నా దగ్గరికి రాలేదు. తన సంచి తెచ్చి నేల మీద బోర్లించింది. పెన్సిళ్ళు, రబ్బరు, ఒక జామకాయ. "చూస్కో అమ్మా, నా దగ్గర ఏం లేవు," అంది.

స్కొలాస్తిక కింద కూర్చుని పెన్సిళ్ళు ఒక్కొక్కటే ఏరి సంచిలో వేసింది.

"రేపు దీన్ని వాళ్ళకి ఇచ్చేసి గొడవ వదిలించుకుందాం," అన్నాడు బాలశౌరి.

"తీసుకెళ్దాం. కానీ నోరు మూసుకుని ఇచ్చి రాను. అలా ఇచ్చేస్తే దొంగలమని మనమే ఒప్పుకున్నట్టు."

మర్నాడు సాయంకాలం పూజ అయ్యేవేళకు నన్ను ఆటోలో చర్చి ఆవరణకు తెచ్చారు. జనం బయటికి వస్తున్నారు. స్కొలాస్తిక నన్ను దారి మధ్యలో నిలబెట్టింది.

"ఫాదర్, ఇది చర్చిదైతే తీసుకోండి. కానీ నేను దొంగతనం చేశానని ఎవరైనా అనుకుంటుంటే, నా కూతురి ముందు ఇప్పుడే అనమనండి."

ఎవరూ అనలేదు. అనుమానానికి చెవులే గాని నోరుండదు. ఫిలోమినమ్మ ఏదో అనబోతూ భర్త వైపు తిరిగి ఆగిపోయింది. రాయప్ప చూపు గేటు వైపు ఉంది. ఇప్పుడు ఈయన గేటు దాటి జారుకుంటాడని నేను ఖాయంగా అనుకున్నాను.

"పనివాళ్ళు కాదు ఫాదర్," అన్నాడాయన. "నేనే బండికి వేశాను. మీరడిగితే సిగ్గేసి వాళ్ళ మీద పెట్టాను."

ఇంతకాలం మనుషుల్ని మోసిన నా అంచనా తప్పింది.

"ముందు ఆ పనివాళ్ళ దగ్గరికి వెళ్ళి ఈ మాట చెప్పు రాయప్పా," అన్నారు ఫాదర్. తర్వాత ఆగ్నెస్ వైపు తిరిగి, "దీన్ని మీ ఇంట్లోనే ఉంచుకో తల్లీ," అన్నారు.

నన్ను మళ్ళీ ఆగ్నెస్ వాళ్ళ మేడ మీది ఇంటికి చేర్చేటప్పుడు ఒక కొస బాలశౌరి పట్టుకుంటే, రెండో కొస రాయప్ప పట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. కిటికీ పక్కన దించి, ఆయాసంతో నా చెక్క మీదే కూలబడ్డాడు. ఆగ్నెస్ కాస్త దూరంగా నిలబడి ఆయన్ని చాలాసేపు పరీక్షగా చూసింది. తర్వాత గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"మీరు చెప్పారు కదా తాతా," అంది. "మా బళ్ళో ఎవరూ చెప్పలేదు."

రాయప్ప గ్లాసు పట్టుకున్నాడు గాని, చాలాసేపటివరకు నీళ్ళు తాగలేకపోయాడు.