అంజూరం వేరే, పాలు వేరే

అంజూరకాయ తొడిమ తెంపే ముందు చేతికి నూనె రాసుకోవాలి. లేకపోతే తొడిమ దగ్గర ఊరే తెల్లటి పాలు వేళ్ళ సందుల్లో చేరి సాయంత్రానికి మండుతాయి, రెండు రోజులకు చర్మం పొరలుగా ఊడుతుంది. ఇరవై ఆరేళ్ళుగా ఏటా ఒకసారి నా వేళ్ళ తోలు అలా ఊడి మళ్ళీ కొత్తది వస్తోంది. "నూనె రాసుకోవచ్చు గదా" అంటాడు మా ఆయన మూర్తి, ప్రతి ఏడూ తానే కొత్తగా కనిపెట్టినట్టు. నూనె రాసుకుంటే కత్తి జారుతుంది, కత్తి జారితే వేలు తెగుతుంది. ఇవన్నీ ఆయనకు వివరించే ఓపిక నాకెప్పుడో పోయింది. తినే మనిషికి కాయ నునుపుగా ఉంటే చాలు.

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో, కూలీలకని వరసగా కట్టిన మా లైను ఇంటి వెనక ఉన్న ఈ చెట్టును నాటింది మా ఆయన తాత చిన్నన్న. మైనులో పనిచేసేటప్పుడు మేనేజరు బంగళా తోటలో నరికి పారేసిన కొమ్మొకటి భుజాన వేసుకొచ్చి గుచ్చాడట. ఆ తర్వాత రెండేళ్ళకు మైనులో బండలు పేలి చనిపోయాడు. ఆయన పోయిన రోజున ఏటా పెద్దలకు పెడతాం. ఆయన నాటిన చెట్టు కాయలతోనే వంటలన్నీ. పచ్చికాయలు ఉప్పునీళ్ళలో ఉడికించి, నలిపి, శనగపప్పుతో పల్యం, అదే పొడికూర. అవే కాయలకు నువ్వుల పొడి పట్టించి పులుసు, పక్కన సంగటి. దోరవి శనగపిండిలో ముంచి బజ్జీలు. బాగా మగ్గినవి బెల్లంతో దగ్గరికి ఉడికించి, ఆ పూర్ణంతో ఓళిగలు. ఉప్పుకీ తీపికీ ఒకే చెట్టు ఇంతగా ఒదిగిపోవడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. ఒక్కటి మాత్రం చేయకూడదు. "అంజూరం వేరే, పాలు వేరే. ఆ రెండూ కలపొద్దు" అని మా అత్త చిక్కమ్మ నేను కాపురానికి వచ్చిన ఏడే చెప్పింది. ఎందుకని అడిగితే ఆమె ముఖం పాలిపోయింది, మళ్ళీ అడగలేదు. అందుకని ఆ రోజు పాయసం కూడా శనగపప్పు, బెల్లమే.

ఈ ఏడు ఆ రోజు తెల్లవారుజామున ఐదింటికి నాకు నెలసరి వచ్చింది. నలభై ఏడేళ్ళ వయసులో అది ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు వస్తోంది, చుట్టంలాగా. మా ఇంట్లో ఆ నాలుగు రోజులు దేవుడి గూడు, పాలగిన్నె ముట్టకూడదు. పెద్దలకు పెట్టే రోజయితే పొయ్యి దగ్గరికే రాకూడదు. చెప్పాలనే లేచాను. చెబితే వండేదెవరని ఆలోచించాను. అత్తకు డెబ్బై ఆరు దాటాయి, మోకాళ్ళు వంగవు. కోడలు నేత్రావతి వచ్చి రెండు నెలలైంది. వేమగల్ పక్క పల్లె పిల్ల, అక్కడి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తూ పెరిగింది, చెక్ చేసిన పార్టుల లెక్క వచ్చినంతగా ఉప్పు లెక్క రాదు. పది గంటలకల్లా పదిహేను మంది వస్తారు. తలమీద నాలుగు చెంబులు పోసుకుని, నోరు మూసుకుని పొయ్యి వెలిగించాను. రెండు లీటర్ల పాలు నేనే కాచాను.

నేత్రావతి నా పక్కన కూర్చుని కాయలు కోస్తూ ఒక పండును రెండుగా చీల్చి నా ముందు పెట్టింది. లోపల ఎర్రటి పోగులు కిక్కిరిసి ఉన్నాయి.

"ఈ ఒక్కో పోగూ ఒక పువ్వంట అత్తా. మా సూపర్‌వైజరు మేడం చెప్పింది. పువ్వులన్నీ కాయ లోపలే పూస్తాయంట."

నేను కత్తి కింద పెట్టేశాను. ఇన్నేళ్ళలో కొన్ని వేల కాయలు కోసి ఉంటాను. ఈ చెట్టు పూత ఎప్పుడు పూస్తుందని ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు. వందల పువ్వులు, ఎవరికీ కనపడకుండా, తలుపులు మూసుకుని పూసి, అక్కడే పండైపోతున్నాయి. నేను వాటిని నూనెలో వేయించాను, చింతపండు పోశాను, బెల్లంలో ఉడికించాను. నా వేలిమీద ఆ ఎర్రటి పోగును నిలబెట్టి చూస్తుంటే గుడిలోకి వెళ్ళినప్పటికంటే ఎక్కువ భయభక్తులు కలిగాయి. ఇంత పెద్ద సంగతిని ఆ పిల్ల టీ టైములో విని వచ్చి ఇంత తేలిగ్గా చెప్పేసింది.

బహుశా ఆ మురిపెంలోనే ఉన్నాను కాబట్టి, పాలతో పాయసం చేస్తానని ఆమె అడిగితే సరేనన్నాను. కాచిన పాలు రెండు గిన్నెల్లోకి సగం సగం పోశాను. ఒకటి కాఫీలకి, ఒకటి ఆమెకి. "అవ్వకు ముందే చెప్పొద్దు, తిన్నాక చెబుదాం" అని కూడా అన్నాను. కాయలను పాలతో పాటు మరిగిస్తే రుచి పోతుందని ఫోనులో చూసిందట. పాలు గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, దోర అంజూరాలను తొడిమలతో సహా తరిగి వేసి, కలిపి, మూతపెట్టింది. నేను ఓళిగల పనిలో పడ్డాను.

హాల్లో పెద్దలకు ఆకు వేశారు. అత్త వంటింటి గడప దగ్గర పీటమీద కూర్చుని ఒక్కో వంటా చూసి హాల్లోకి పంపుతోంది. పాయసం గిన్నె మూత తీసింది. పాలు గడ్డలు గడ్డలుగా విరిగి, మధ్యలో పలుచటి నీళ్ళు తేలుతున్నాయి. అత్త ముఖంలో రక్తం లేదు. తర్వాత నేత్రావతిని పిలిచి నెమ్మదిగా అడిగింది.

"నిజం చెప్పు. బయట ఉండాల్సిన దినమా నీకు?"

లేదవ్వా, ఒట్టు, అని ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. హాల్లోంచి మూర్తి వచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. ఆ పిల్లను వెనక వరండాలో కూర్చోబెట్టమన్నాడు. నన్ను మళ్ళీ స్నానం చేసి శనగపప్పు పాయసం వేయమన్నాడు. "నీ చేయి పడితే ఏం కాదు" అని కూడా అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన నా చేతిని మెచ్చుకున్నది అదే మొదటిసారి.

నిజం చెబుతాను, ఆ క్షణంలో నేను నమ్మాను. నా వల్లే విరిగాయనుకున్నాను. చేసిన పాపం నాది, వరండాలో కూర్చునేది ఆ పిల్ల. నోరు తెరవాలి. తెరవకుండానే పొయ్యి దగ్గరికి తిరిగి వచ్చేశాను. పక్కన కాఫీ పాల గిన్నె ఉంది. మూత తీశాను. మీగడ కట్టి, తెల్లగా, నిమ్మళంగా ఉన్నాయి. వాటిని కూడా కాచింది నేనే. ఒకే పొయ్యి, ఒకే పాకెట్లు, ఒకే చేయి.

అప్పుడు బడి గుర్తొచ్చింది. సర్కారు బడిలో మధ్యాహ్నం భోజనం వండడం నా ఉద్యోగం. పొద్దున్నే రెండు వందల మంది పిల్లలకు పాలు కాచేది కూడా నేనే. పదమూడేళ్ళుగా, నెలలో ముప్పై రోజుల్లో ఏ రోజైనా. అక్కడ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు, పాలు ఒక్కరోజూ విరగలేదు. ఇంట్లో నాలుగు రోజులు పాలగిన్నె ముట్టని మనిషిని, ఆ నాలుగు రోజులే బడిలో బిందెల కొద్దీ పాలు కాచి వచ్చి, మళ్ళీ ఇంట్లో ముట్టకుండా కూర్చున్నాను. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఎన్నడూ తోచలేదు. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

మరి ఆ గిన్నెలో పాలు ఎందుకు విరిగాయి? చాపమీద నేత్రావతి తరిగిన తొడిమల తుంపులున్నాయి, కత్తికి తెల్లటి జిగురు ఎండి ఉంది. వరండాలో ఉన్న పిల్లను లోపలికి పిలిచాను. ఒక చిన్న గిన్నెలో కాఫీ పాలు పోసి వెచ్చచేశాను. పచ్చికాయ తొడిమ విరిచి, ఊరిన చుక్కలను పాలలోకి విదిలించాను. ఇంకొకటి, ఇంకొకటి. అదే తొడిమతో కలిపి మూతపెట్టాను. ఇంకో పావుగంట పడుతుందని హాల్లోకి చెప్పించాను. ఇద్దరం ఆ గిన్నె ముందు గొంతుక్కూర్చున్నాం, కాన్పు కాబోయే మనిషి మంచం పక్కన కూర్చున్నట్టు.

మూత తీసేసరికి పాలు గడ్డకట్టి నిలబడి ఉన్నాయి. గిన్నె ఒరగేస్తే ఒలకలేదు. వేలితో తాకితే వణికి మళ్ళీ సర్దుకున్నాయి. ఈనిన ఆవు లేదు, దూడ లేదు, నిమ్మకాయ లేదు, కానీ జున్ను ఉంది. కాయలోని పాలకూ గిన్నెలోని పాలకూ ఎక్కడో ఏదో చుట్టరికం ఉన్నట్టుంది, ఒకదాన్ని చూసి ఒకటి ఆగిపోయింది. నా ఒళ్ళు గగుర్పొడిచింది. అరవై ఏళ్ళుగా మా పెరట్లో నిలబడి ఈ చెట్టు ఇంత విద్య దాచుకుంది. మా ఆడవాళ్ళ ఒంటిమీద వేసిన నింద దాని తొడిమలో ఒక చుక్క.

రెండు గిన్నెలూ తీసుకెళ్ళి అత్త ముందు పెట్టాను. హాల్లో అందరికీ వినబడుతుందని తెలుసు.

"అత్తా, ఈ దినం బయట ఉండాల్సింది నేను. తెల్లారే అయినాను, చెప్పలే. ఈ పాలు కాచింది నేనే, చూడు, ఇరగలే. ఆ పిల్ల శుద్ధంగా ఉండాది, ఆమె గిన్నె ఇరిగింది. చెట్టు పాలు పడి ఇరిగింది. నేను ఇప్పుడే పోసి చూసినాను."

మెల్లగా మాట్లాడమన్నాడు మూర్తి, పళ్ళ మధ్య నుంచి. నేను ముట్టుకున్నదానికంటే పదిమందికి వినబడిందన్నదే ఆయన బాధ. అత్త మరిది పిల్లప్ప మాత్రం గోడకు ఆనుకుని ఇటే చూస్తున్నాడు, ఆకలిని మరిచిపోయి. అత్త తిడుతుందని ఎదురుచూశాను. వంటలన్నీ కాలువలో పోయమంటుందని, నన్ను పుట్టింటికి పొమ్మంటుందని కూడా అనుకున్నాను. పొమ్మంటే పోదామనే ఉన్నాను. ఆమె నావైపు చూడనేలేదు. నిలబడిన పాల గిన్నెను అటూ ఇటూ ఒరగేస్తోంది.

"నా ముందర చెయ్యి" అంది. మళ్ళీ వెంటనే, "వద్దు. నేనే చేస్తా. కాయలు తే" అంది.

తొడిమ ఆమె వేళ్ళలోంచి రెండుసార్లు జారింది. మూడోసారి విరిచింది. చుక్కలు పడ్డాయి. కలిపింది. మూతమీద అరచేయి పెట్టుకుని కూర్చుంది. హాల్లో పదిహేను మంది ఆకలితో కాచుకున్నారు. ఆమె మూత తీసి చూసింది. గిన్నె ఒరగేసింది. చూపుడువేలితో ఆ తెల్లటి ముద్దను తాకి, వేలిని అలాగే ఉంచింది. తర్వాత నాకూ నేత్రావతికీ మాత్రమే వినబడేటట్టు మాట్లాడింది.

"ఇదే చెట్టు. మొదటి కాపు. మామ కొమ్మ నాటినాడే గానీ పండు యాడ తిన్నాడు పాపం. నాకు పదిహేడేండ్లు. మా అత్త ఊర్లో లేదు. ఆ దినం నేను బయట ఉండాల్సింది, మామకి చెప్పేదానికి సిగ్గు. ఆయనకని పాలు పోసి పాయసం చేసినా. ఇరిగిపోయింది. ఎవురికీ తెలీకుండా కాలవలో పోసినా. పదకొండో దినం మైనులో బండలు పేలినాయి. మామ ఇంగ పైకి రాలే."

నెలనెలా నన్ను గడప దగ్గర ఆపి అడిగిన ప్రశ్నలన్నీ గుర్తొచ్చాయి. పండగ పూట పాలగిన్నె నా చేతిలోంచి లాక్కున్నది, చుట్టాల ముందు దూరంగా కూర్చోమన్నది. పెత్తనం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆమె నన్ను కాదు, నా వెనక చావును చూస్తూ అడిగేదని ఇప్పుడు తెలిసింది. అన్నీ క్షమించేశానని చెప్పను, అంత మంచిదాన్ని కాదు. కానీ అరవై ఏళ్ళు ఒక మనిషి ఇంత బరువును ఎవరికీ చెప్పకుండా, వండుతూ, వడ్డిస్తూ, పిల్లల్ని కంటూ ఎలా మోసిందో తలచుకుంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆమె తలెత్తి నా ముఖంలోకి చూసింది.

"అయితే మామను నేను చంపలేదా, ఉమా?"

లేదత్తా, అన్నాను. వినబడలేదేమో, మళ్ళీ అడిగింది. బండలు చంపినాయి, నువ్వు కాదు, అని మళ్ళీ చెప్పాను. మూడోసారి అడిగినప్పుడు నేత్రావతి చెప్పింది. అత్త చీర చెంగుతో ముఖం గట్టిగా తుడుచుకుంది. హాల్లోంచి మూర్తి, పెద్దలకు ఎవరో ఒకరు పెట్టండి, పొద్దుపోతోంది, అని అరిచాడు. ఆమె తాను నిలబెట్టిన పాల గిన్నెను రెండు చేతులతో ఎత్తి నా చేతుల్లో పెట్టింది.

"నువ్వే పెట్టు మామకి. ఈ దినమే. నీ చేత్తోనే" అంది.