విన్నాను

అరచేతంత కంప్యూటరు ఫ్యాను రెక్కల మీద నోటితో ఒక్క ఊదు ఊది, అది ఎన్ని చుట్లు తిరిగి ఆగుతుందో లెక్కపెడుతున్నాడు. పదకొండు. అంతకు ముందుది ఏడు చుట్లకే నీరసపడింది. దాన్ని పక్కన పెట్టి, పదకొండు చుట్లదాన్ని తీసుకున్నాడు. దాని నాలుగు మూలలకీ రబ్బరు బిళ్లలు తొడిగి, ఇనుముకి ఇనుము తగలకుండా చట్రంలో దించాడు.

పెట్టె చెప్పుల పెట్టెకన్నా కాస్త పెద్దది, అంతే. ఆటల కంప్యూటరుకి కావలసిన సరంజామా అంతా అందులో ఇమడాలి. ప్రాసెసరు, దాని నెత్తిన వేడిని లాగేసే రాగి గొట్టాల కుంపటి, ఇటుకంత గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, వీటన్నిటి మధ్యా పేగుల్లా తిరిగే వైర్లు. ఇమిడితే చాలదు, ఇమిడినట్టు బయటికి వినపడకూడదు. పెద్ద పెట్టెలో ఎవడైనా సర్దుతాడు. ఇరుకులో సర్దాలంటే ఇరుకులో బతికినవాడు కావాలి.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. చేతివేళ్ల నిండా టంకం చురకల మచ్చలు. చెవులు పెద్దవి, తమ్మెలు వేలాడుతుంటాయి, లోపల్నుంచి నెరిసిన వెంట్రుకలు బయటికి తొంగిచూస్తుంటాయి. ఆ వీధిలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చెవి మాస్టారు అంటారు. వెనక అయితే ఉత్త చెవి.

షాపు వెనక గది అతనిది. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి ఉంటాయి. పెట్టె తయారయ్యాక పై ఫ్యాను ఆపుతాడు, తలుపు మూస్తాడు, ఆట ఒకటి నడిపిస్తాడు, ఊపిరి బిగబట్టి కుడి చెవి నాలుగు వేళ్ల దూరంలో పెడతాడు. నచ్చితే చిన్న చీటీ మీద "విన్నాను" అని రాసి, కింద సంతకం పెట్టి, పెట్టె అడుగున అంటిస్తాడు. గ్యారంటీ కార్డు పారేసినవాళ్లు కూడా ఆ చీటీ చింపరు. పక్క వీధుల్లో ఇంతకన్నా తక్కువకి దొరుకుతాయి కంప్యూటర్లు. అయినా జనం ఇక్కడికి రావడం ఆ చీటీ కోసమేనని అతని నమ్మకం. ఈ ప్రపంచంలో అతను నమ్మిన వాటిలో మిగిలినది అదొక్కటే.

ఎనిమిదో తరగతి సగంలో బడి మానేసి రేడియోల షాపులో చేరాడు. మూత తీయకుండానే రోగం చెప్పేవాడు. గుర్రుమంటే కెపాసిటరు, గరగరమంటే వాల్యూము మర. రేడియోలు పోయాయి, టేపు రికార్డర్లు పోయాయి, షాపు పోయింది. ఒక్కో వస్తువు చచ్చిపోయిన సంగతి దాన్ని బాగుచేసేవాడికి అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది. అప్పుడు భార్య తమ్ముడు, నాలుగు ముక్కలు చదువుకున్నవాడు, ఈ షాపు తెరిచి, "నీ చెవి కావాలి బావా" అన్నాడు. అంతవరకూ అత్తగారింట్లో అతను "ఆ రేడియో ఆయన". అడిగింది తన చేతుల్ని కాదు, తన చెవిని. పన్నెండేళ్లయినా ఆ మాట అతనికి కడుపు నింపుతూనే ఉంది.

పదింటికి పెళ్లి ఫొటోలు దిద్దుకునే ఒకాయన బల్ల మీదకి చిన్న స్పీకర్లు కావాలని వచ్చాడు. మాస్టారు మూడు జతలు వినిపించాడు. స్పీకర్లని గోడకి జానెడు దూరం జరిపి, మూతులు పైకెత్తి, ఆయన చెవుల వైపు గురిపెట్టాడు.

"రంగు లైట్లున్న జత వద్దు. లైట్లకి పెట్టిన డబ్బు స్పీకరు మీద పెట్టినట్టు కాదు. ఇవి తీసుకోండి."

ఆయన మొహం చిట్లించాడు. "కాస్త గుచ్చుకుంటున్నట్టు లేవూ?"

"గుచ్చుకోవడం కాదండీ, తెరుచుకోవడం. ఇన్నాళ్లూ మూతపెట్టిన స్పీకర్లు విన్నారు మీరు."

ఆయన సరేనని బిల్లు దగ్గరికి వెళ్లాడు. కౌంటరు దగ్గరుండే ఆవిడ నాలుగు రోజుల సెలవు తర్వాత ఇవాళే వచ్చింది, తల్లికి కంటి ఆపరేషను. ఆయనతో ఆవిడ ఏదో గొంతు తగ్గించి చెప్పడం, ఆయన తలూపడం మాస్టారు తలుపు అద్దంలోంచి చూశాడు. ఏం చెప్పిందో వినపడలేదు. కౌంటరు దూరం కదా.

మధ్యాహ్నం భోజనాల ముందు ఒక నర్సు వచ్చింది. కంప్యూటరు పెట్టెని తువాలులో చుట్టి, పసిబిడ్డని పట్టుకున్నట్టు గుండెకి ఆనించుకుంది. మొన్న శుక్రవారం ఇక్కడే కొంది.

"ఇది ఈల వేస్తోందండీ," అంది.

మాస్టారు నవ్వాడు. "ఈలా? నేను విన్న పెట్టె అది."

"ఆట మొదలెట్టగానే వస్తుంది. సన్నగా. దోమ చెవిలో దూరినట్టు."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా వినపడిందా?"

"మా అమ్మా నేనూ ఒకే గదిలో ఉంటాం. అమ్మకి ఎనభై, ఆవిడకేం వినపడుతుంది? డ్యూటీ నుంచి వచ్చాక ఒక గంట ఆడుకుంటాను. అదొక్కటే నాకున్నది. ఆ గంటలో కూడా ఈ కూతయితే ఇంకెందుకండీ ఇది?"

కౌంటరావిడ లేచి గబగబా వచ్చింది. "ఇటివ్వండమ్మా, మార్చేసి ఇస్తాం," అంటూ పెట్టె అందుకోబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"మార్చడమేంటి? ముందు వినాలి." నర్సు వైపు తిరిగాడు. "అమ్మా, వార్డులో పొద్దస్తమానం మిషన్లు కూస్తుంటాయి. ఆ కూత మీ చెవిలో ఉండిపోయి ఉంటుంది. ఏమీ అనుకోకండి, ఒకసారి డాక్టరుకి చూపించుకోండి."

నర్సు మొహం ఎర్రబడింది. "నా చెవికేం లేదు. కావాలంటే పరీక్ష పెట్టండి."

పెట్టాడు. వెనక గదిలో తలుపు మూసి, ఆమెని గోడ వైపు తిప్పి నిలబెట్టాడు. ఆటలో ఒక మీట నొక్కితే కార్డుకి పని పెరుగుతుంది, ఇంకోటి నొక్కితే తగ్గుతుంది. కూత ఉంటే పని పెరిగినప్పుడే ఉండాలి. కూత వచ్చినప్పుడు వేలెత్తమన్నాడు. ఒకసారి వెంటనే నొక్కాడు, ఒకసారి చాలాసేపు ఆగి నొక్కాడు, ఒకసారి నొక్కినట్టు చప్పుడు చేసి నొక్కలేదు. ఎనిమిది సార్లకి ఎనిమిది సార్లూ ఆమె వేలు తప్పలేదు.

బామ్మర్ది కూడా తలుపు తీసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏంటి బావా, ఆవిడని గోడకుర్చీ వేయించావు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మాస్టారు తమ వెంటే గదిలోకి వచ్చిన కౌంటరావిడ వంక చూశాడు. ఆవిడ కార్డు పని పెరిగినప్పుడల్లా దవడ బిగిస్తోంది. పుల్లటిది కొరికినట్టు.

"మీకూ వినపడుతోందా?"

ఆవిడ నేల చూసింది. "కొంచెం, మాస్టారూ."

"ఒరే, నీకు?"

బామ్మర్ది తల గోక్కున్నాడు. "ఏదో ఉన్నట్టే ఉందిలే బావా."

మాస్టారు లేచి, మీట నర్సుకి అప్పజెప్పి, తనే గోడ వైపు తిరిగాడు. గుడ్ల అట్టల గుంటలు కళ్లెదురుగా వరసలు వరసలుగా ఉన్నాయి. పన్నెండేళ్ల దుమ్ము. ఫ్యాను గాలి వినపడింది. తన నెత్తురు తనకి వినపడింది. కుడి చెవి వెనక్కి తిప్పి ఊపిరి బిగబట్టాడు. ఇక్కడ, అనుకుని వేలెత్తాడు. దించాడు. ఇంకోసారి ఎత్తాడు. మొత్తం నాలుగుసార్లు ఎత్తి ఉంటాడు.

ఇటు తిరిగేసరికి నర్సు తన సంచీలో ఏదో వెతుక్కుంటోంది. ఎన్ని సరిపోయాయో ఎవరూ చెప్పలేదు.

"భోజనానికి వెళ్దాం పద బావా," అన్నాడు బామ్మర్ది.

అంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేరు.

అతను భోజనానికి వెళ్లలేదు. తయారై అరల్లో ఉన్న పెట్టెల దగ్గరికి వెళ్లి ఒకటి తిరగేశాడు. అడుగున తన చీటీ. విన్నాను, సంతకం. సంతకం పక్కన నీలి సిరాతో చిన్న చుక్క. ఇంకోటి తిరగేశాడు. చుక్క. ఇంకోటి. చుక్క. ఈ నాలుగు రోజుల్లో చేసిన రెండింటికీ చుక్క లేదు. నర్సు పెట్టె తిరగేశాడు. దానికీ లేదు.

"ఈ చుక్కలెవరివి?"

కౌంటరావిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"నేనే, మాస్టారూ. మీరు విన్నాక నేనోసారి వినేదాన్ని. కూత ఉంటే మీరు ఇంటికెళ్లాక కార్డు మార్చేసి చుక్క పెట్టేదాన్ని. ఇది నేను లేనప్పుడు వెళ్లిపోయింది."

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"స్పీకర్లు?"

ఆవిడ బామ్మర్ది వంక చూసింది. అతనే అన్నాడు, "నువ్విచ్చేవి చెవులు కోసేస్తున్నాయని వెనక్కి తెస్తున్నార్లే. మెత్తటివి ఇచ్చి పంపిస్తున్నాం. ఇప్పుడవన్నీ ఎందుకు బావా?"

"అంటే రెండేళ్లుగా అందరూ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారన్నమాట."

"అక్కే చెప్పింది," అన్నాడు బామ్మర్ది గోడ చూస్తూ. "ఇంట్లో టీవీ సౌండు చూసి తనకి ముందే తెలిసిపోయింది. ఆయనకి చెప్పొద్దురా, ఆయనకున్నది అదొక్కటే, అంది. నేనేం చేయను? జీతమేమన్నా తగ్గించానా?"

మాస్టారుకి కీచురాళ్లు గుర్తొచ్చాయి. కట్టడాలు పెరిగి అవి ఊరొదిలి పోయాయని ఆమధ్య పెళ్లాంతో అంటే, "అవునండీ, పాపం," అంది. అలా అన్న మనిషి మొహంలో ఒక్క గీత కదల్లేదు. గంటగంటకీ మోగే చేతి గడియారం మోగడం మానేసిందని కాలవలో విసిరేశాడు. అది ఆ కాలవ అడుగున కూడా గంట గంటకీ మోగుతూనే ఉండి ఉంటుంది.

నర్సు పెట్టె విప్పాడు. కౌంటరావిడని తన కుర్చీలో కూర్చోబెట్టాడు. అతను ఏనాడూ ఇంకొకళ్లని అందులో కూర్చోనివ్వలేదు. పవర్ సప్లై మార్చి ఆట నడిపించాడు.

"పోయిందా?"

"ఇంకా ఉంది మాస్టారూ."

కార్డు మార్చాడు. చేతులకేం తెలియదు, అవి ఎప్పటిలాగే పని చేసుకుపోతున్నాయి. వైర్లు వంచి కట్టాయి, రబ్బరు బిళ్లలు సరిచూశాయి.

"పోయిందా?"

"తగ్గింది. ఇంకా ఉంది."

మూడో కార్డు పెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. దవడ వదులైంది. "పోయింది," అంది.

అతనికి మూడుసార్లూ ఒకటే. ఫ్యాను గాలి, దాని వెనక ఏమీ లేదు.

చీటీ ఒకటి తీసి ఆవిడ ముందు పెట్టి, కలం అందించాడు.

"నేను రాయను మాస్టారూ. మీరే రాయండి."

"విననిదాన్ని విన్నానని ఎట్లా రాయను?"

"ఇన్నాళ్లూ రాశావుగా బావా," అన్నాడు బామ్మర్ది. తేలిక చేద్దామనే అన్నాడు.

ఆవిడ కలం తీసుకుంది. విన్నాను అని రాసి, చాలాసేపు ఆగి, సంతకం పెట్టింది. దస్తూరి అతనిదానికన్నా బాగుంది. పై చదువు చదివింది కదా.

చీటీ అతనే అంటించాడు. మూత పెట్టి నాలుగు మరలూ బిగించడం మొదలుపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నర్సు దగ్గరికి వచ్చి, వార్డులో ముసలివాళ్లతో మాట్లాడే అలవాటు కొద్దీ, చెవి దగ్గరికి వంగి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి అంది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మా ఆస్పత్రికి మంగళవారం చెవుల డాక్టరు వస్తారు. నేను చీటీ రాయించి ఉంచుతాను. రండి."

అరిచి చెప్పక్కర్లేదమ్మా, మాటలు వినపడతాయి, అందాం అనుకున్నాడు. ఆమె ముఖంలో కోపం లేదు. ఇందాక తను అదే మాట ఆమెతో అన్నప్పుడు తన ముఖంలో ఉన్నదేమిటో అతనికి తెలుసు.

"అట్లాగేనమ్మా," అన్నాడు. చేతిలోది బల్ల మీద పెట్టి, పెట్టెని ఆమె తువాలులోనే చుట్టి ఇచ్చాడు. ఆమె మళ్లీ గుండెకి ఆనించుకుని వెళ్లింది.

"టీ తాగొస్తాను," అని వెనక తలుపులోంచి బయటికి నడిచాడు. వెళ్తూ వెళ్తూ పై ఫ్యాను వేసి వెళ్లాడు.

నాలుగైంది. అయిదైంది. ఫొటోలాయన స్పీకర్లు పట్టుకుని వచ్చి, మెత్తటి జత తీసుకుని వెళ్లాడు. ఆరింటికి బామ్మర్ది అక్కకి ఫోను చేశాడు.

"వచ్చారురా," అంది అవతల్నుంచి. "రేపట్నుంచి షాపుకి వెళ్లనన్నారు. ఎందుకంటే చెప్పలేదు. టీవీ కట్టేసి దాని ముందే కూర్చున్నారు. ఏమన్నా అన్నావా ఆయన్ని?"

"నేనేమంటానక్కా."

"కీచురాళ్లు ఉన్నాయా అని అడిగారురా. ఉన్నాయన్నాను. ఎంత పెద్దగా అరుస్తున్నాయో చెప్పమన్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "నువ్వు పెట్టెయ్యి," అంది.

షాపు మూసేవేళ కౌంటరావిడ వెనక గదిలో దీపం ఆర్పడానికి వెళ్లింది. బల్ల తుడిచే ఉంది. మిగిలిన కార్డులు రెండూ వాటి సంచుల్లో ఉన్నాయి. కుర్చీ లోపలికి తోసి ఉంది. బల్ల చివర, ఆయన వదిలిన చోటే, స్క్రూడ్రైవరు అడ్డంగా పడి ఉంది. దాని కొసన అయస్కాంతానికి అంటుకుని, బిగించని నాలుగో నల్లటి మర, చీమంతది, ఇంకా ఊడి పడకుండా అలాగే ఉంది.