మేడ మీదికి టీటీ బల్ల

పంజాగుట్టలోని హౌసింగ్ బోర్డు క్వార్టర్స్‌లో వెన్నెల చిన్నప్పుడు బ్లాకు ముందు ఆడుకోవడానికి బోలెడంత జాగా ఉండేది. ఆమె ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అక్కడ కార్లు చేరాయి. మిగిలిన కాస్త చోటూ మగపిల్లల క్రికెట్‌కే చాలదు. వెన్నెల, పై అంతస్తులో ఉండే సుమశ్రీ మెట్ల మీద కూర్చుని కబుర్లాడేవారు. ఎవరైనా ఎక్కుతుంటే కాళ్లు ముడుచుకునేవారు.

ఒక ఆదివారం వెన్నెల నాన్న రాజేందర్ ఫోన్ చేశాడు. అమీర్‌పేటలో ఆయనకు టైలరింగ్ షాపుంది.

"బిడ్డా, మన షాపు మీది కోచింగ్ సెంటరోళ్లు ఖాళీ చేస్తున్నరు. టీటీ బల్ల ఇడిసిపెట్టి పోతరట. కావాల్నా?"

వెన్నెల, సుమశ్రీ చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా షాపుకు పరుగెత్తారు.

టేబుల్ టెన్నిస్ బల్ల రెండు ముక్కలు. కాళ్లకు చక్రాలున్నాయి. దాంతోపాటు రెండు బ్యాట్లు, బంతులు కూడా ఇచ్చారు. ఒక ముక్కను రాజేందర్, ఇంకో ముక్కను పిల్లలు మెట్రో పిల్లర్ల పక్కనుంచి తోసుకుంటూ బయల్దేరారు. వెనక ఆటోల హారన్లు. ఒక బస్సు డ్రైవరు బండి ఆపి, "పోండమ్మా, మీ ఊరేగింపు అయినంకనే నేను పోత" అని నవ్వాడు.

క్వార్టర్స్ గేటు దగ్గర సుమశ్రీ వాళ్ల నాన్న కృష్ణమోహన్ ఎదురయ్యాడు. అసోసియేషన్ సెక్రటరీ ఆయనే.

"ఏంటిది? ఇక్కడ పెడితే బండ్లెక్కడ పెట్టుకుంటారు?"

"ఈడ కాదంకుల్, మేడ మీద" అంది వెన్నెల.

కానీ మొదటి మలుపులోనే బల్ల మెట్ల మధ్య ఇరుక్కుంది. కిందామీదా పడి మళ్లీ బయటికి లాగారు. చూసేవాళ్లు నవ్వారు.

"వెనక్కి ఇచ్చేద్దాంలేవే" అంది సుమశ్రీ మెల్లగా.

వెన్నెల బల్ల అంచును రెండు చేతులా పట్టుకుంది. "ఇయ్యం. తాళ్లు కట్టి బయటనుంచి పైకి గుంజుదాం."

రాజేందర్ కూతురి వైపు ఒకసారి చూసి, తాళ్ల కోసం వెళ్లాడు.

బల్లకు తాళ్లు కట్టడం చూసి క్రికెట్ ఆగిపోయింది. మగపిల్లలు మేడెక్కి తాడు పట్టుకున్నారు. రెండో అంతస్తు బాల్కనీలోంచి దుర్గాంబ గారు, ఎవరూ అడక్కుండానే, "హైలెస్సా!" అని కేకేసింది. ఆవిడది కాకినాడ. బల్ల తిన్నగా వెళ్లి ఆవిడ బట్టల తీగకే తగులుకుంది. చీపురు కర్రతో గట్టిగా నెట్టిందావిడ. బల్ల కదిలింది, దాంతోపాటు ఆవిడ తడి చీర కూడా.

"నా చీర! నా చీర పోతోందర్రా!"

గులాబీ రంగు చీర రెపరెపలాడుతూ బల్లతో సహా మేడెక్కింది. నవ్వు ఆపుకోలేక పైవాళ్లు తాడు వదిలేస్తారేమోనని కృష్ణమోహన్ భయపడి, తానే పరుగున మెట్లెక్కి తాడు పట్టుకున్నాడు. రెండో ముక్క సునాయాసంగా వెళ్లింది.

నెట్ లేదు. చున్నీ కట్టారు. అప్పటికే మగపిల్లల్లో ఇద్దరు చెరో బ్యాటు అందుకున్నారు.

"ఆగుండ్రి" అంది వెన్నెల. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తెచ్చింది మేము. ముందు మేమాడతం. తర్వాత మీరు సుత ఆడుండ్రి."

వాళ్లు మొహమొహాలు చూసుకుని బ్యాట్లు ఇచ్చేశారు.

సుమశ్రీ కొట్టిన మొదటి బంతి నీళ్ల ట్యాంకు మీద పడింది. వెన్నెలది చీర కోసం పైకొచ్చిన దుర్గాంబ గారి నెత్తి మీద పడింది. సాయంత్రం ఆరు దాటితే ఆడకూడదని రూలు చెబుతున్న కృష్ణమోహన్ మధ్యలో ఆగి, మగపిల్లల వెనక వరుసలో నిలబడి, "నా వంతెప్పుడమ్మా?" అని అడిగాడు.